నిలువుకాళ్ళ మీటింగు

మీటింగు హాల్లోకి అడుగుపెట్టగానే సేల్స్ మేనేజరు ముందు గోడ వైపు చూశాడు. కిటికీకీ బీరువాకీ మధ్య ఒక మనిషి ఆనుకునేంత జాగా ఉంది. అది దొరికితేనే ఆయన కుడిమోకాలు ఆ పూట గట్టెక్కుతుంది. ఇవాళ అకౌంట్స్ ఆఫీసరు ముందే వచ్చి అక్కడ అతుక్కుపోయాడు. పలకరించబోతే చూపు పక్కకి తిప్పేసుకున్నాడు.

హాల్లో కుర్చీలు లేవు. కొత్త జనరల్ మేనేజరు వచ్చీరాగానే వాటన్నిటినీ తీయించి గోదాముకి పంపించేశాడు. నాయకత్వ లక్షణాల మీద ఆయన ఎక్కడో ఖరీదైన శిక్షణ పొంది వచ్చాడు. కూర్చోబెడితే మనుషులు బద్ధకిస్తారని, నిలబెడితే బుర్ర చురుగ్గా పనిచేస్తుందని, గంట మీటింగు చిటికెలో తేలిపోతుందని అక్కడ నేర్పారట. ఇక్కడ గంట మీటింగు గంటన్నర అయింది. అయినా అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి పద్ధతి విజయవంతమైనట్టే లెక్క.

ఆయన చేతిలో ఎప్పుడూ చిన్న అలారం ఒకటి ఉంటుంది. ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే నొక్కుతాడు. నిమిషం కాగానే అది కుయ్యిమంటుంది, ఆ మనిషి మాట అక్కడికి సరి. ఆయన మాట్లాడేటప్పుడు మాత్రం అలారం జేబులో విశ్రాంతి తీసుకుంటుంది. నాయకుడి ఆలోచనలకి అడ్డం రాకూడదని దానికీ శిక్షణ ఇచ్చారేమో. ఆఫీసంతా ఆయన్ని చాటుగా అలారం సారు అంటారు.

ఆ విద్య తన దగ్గరే ఆగిపోవడం ఇష్టంలేక, తమ సరుకు కొనే కంపెనీల పెద్దల్ని కూడా పిలిచి ఆయన ఉపన్యాసాలు ఇస్తున్నాడు. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారని మురిసిపోతాడు. నిజానికి వాళ్ళు లేవలేదు, మొదటినుంచీ నిలబడే ఉన్నారు.

ఇవాళ్టి అంశం ఒక్కటే. అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? కారణం తేలకపోతే సేల్స్ విభాగం ఎత్తేస్తానని అలారం సారు నిన్ననే చెప్పాడు. సేల్స్ మేనేజరుకి ఇంకా కూతురి చదువు పూర్తికాలేదు. ఊరూరా తిరిగి సరుకు అమ్మే తన మనుషులందరికీ ఆయనే దిక్కు. వాళ్ళకి ఏం చెప్పాలో తెలియక రాత్రంతా నిద్రపోలేదు.

కారణం తెలియక కాదు. ఆ మాటకొస్తే హాల్లో నిలబడ్డ అందరికీ తెలుసు, ఒక్క అలారం సారుకి తప్ప. చెప్పడానికే ఎవరికీ నోరు రావడం లేదు. పొద్దున సేల్స్ మేనేజరు మోకాలికి పట్టీ బిగించుకుంటుంటే భార్య దాని గురించే పోరు పెట్టింది.

"ఇంట్లో నాకు చెప్పేది అక్కడ ఆయన మొహం మీద చెప్పండి. ఉద్యోగం పోతే పోయింది, మోకాలైనా మిగుల్తుంది."

మీటింగు మొదలైంది. సరుకులో ఏ లోపమూ లేదని ప్రొడక్షన్ మేనేజరు అన్నాడు. అబద్ధమేమీ కాదు. పదేళ్ళ గ్యారంటీ ఇచ్చినా ఒక్కటీ రిపేరుకి రాని సరుకు అది. ధరలు పెంచలేదని అకౌంట్స్ ఆఫీసరు గోడ వదలకుండానే చెప్పాడు. సేల్స్ వాళ్ళలో సానుకూల దృక్పథం లోపించిందని హెచ్ఆర్ మేడమ్ తేల్చింది. ఆవిడ ఎంతసేపు మాట్లాడినా అలారం మోగలేదు. తలాడించే ఆనందంలో సారు దాన్ని నొక్కడం మర్చిపోయాడు.

సేల్స్ మేనేజరు వంతు వచ్చింది. అలారం నొక్కడం మాత్రం సారు ఈసారి మర్చిపోలేదు. సేల్స్ మేనేజరు ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి మార్చుకున్నాడు.

"సార్, మీ ఉపన్యాసం విన్న కంపెనీలన్నీ మర్నాటికల్లా..."

"నాకు ఫోన్ చేసి మెచ్చుకున్నాయి. తెలుసు. మీరు విషయానికి రండి."

"అదే విషయం సార్. మెచ్చుకోవడంతో ఆగలేదు. మీరు చెప్పినట్టే చేస్తున్నారు. అందుకే మన..."

అలారం కుయ్యిమంది.

"విన్నారా," అన్నాడు అలారం సారు అందరివైపూ తిరిగి. "బయటివాళ్ళు నా మాట ఆచరిస్తున్నారు. మనవాళ్ళకే పట్టదు."

సేల్స్ మేనేజరు మళ్ళీ నోరు తెరిచాడు. ఒకరికి ఒక్క అవకాశమేనని హెచ్ఆర్ మేడమ్ నియమం గుర్తుచేసింది. ప్రొడక్షన్ మేనేజరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఇంతకాలం కలిసి టీ తాగిన మిగతావాళ్ళు గడియారం వైపు చూశారు.

సేల్స్ విభాగాన్ని ఎత్తేయాలని ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది. కాళ్ళు పీకుతున్నవాళ్ళు చేతులు చాలా తొందరగా ఎత్తుతారు. ఇదే నిలబడటంలోని మహత్తు అని అలారం సారు సంతోషించాడు.

"చివరగా మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా? ఒక్క వాక్యంలో చెప్పండి."

సేల్స్ మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. అలారం మీద సిద్ధంగా ఉన్న వేలు చూసి దాన్ని మింగేశాడు.

"ఏం లేదు సార్. కాసేపు కూర్చోవాలనుంది."

"ఈ బుద్ధే మన కంపెనీని ముంచుతోంది," అన్నాడు అలారం సారు. తలలన్నీ ఒక్కసారి ఊగాయి.

సేల్స్ మేనేజరు కుంటుకుంటూ మెట్లు దిగి, ఆవరణ దాటి, గోదాము తలుపు తోసి, అమ్ముడుపోక పైకప్పుదాకా పేరుకుపోయిన సరుకులోంచి ఒకదాన్ని కిందికి దించి, అట్ట విప్పి, తమ ఫ్యాక్టరీ ముద్ర ఉన్న ఆ కొత్త కుర్చీలో కూర్చున్నాడు.