గూటి గడ్డి ఫీజు

పంజరం నుంచి తప్పించుకొచ్చిన చిలక మనిషి మాటలు నేర్పే బడి పెట్టింది. ఫీజు కింద ఎవరి గూటి గడ్డి వాళ్లు పీకి ఇవ్వాలి. పక్క తుమ్మచెట్టు మీద ముసలి గిజిగాడు మాస్టారు గూడు అల్లడం ఊరికే నేర్పుతాడు. "ఊరికే చెప్పేదీ ఒక చదువేనా!" అని బంగారి అనే తల్లిపిట్ట తన గూటి గడ్డే పీకి ఇచ్చి, కూతురు చిట్టిని చిలక బడిలో వేసింది.

వానలు పడేసరికి గూడు సగమే మిగిలింది. "చిట్టీ, ఆ చిల్లు కాస్త అల్లవే," అంది బంగారి.

"మాకది చెప్పలేదు మమ్మీ," అని పిల్ల తడుస్తూనే ముద్దుముద్దుగా "గుడ్ మార్నింగ్" అంది.

బంగారి మాస్టారి దగ్గరికి ఎగిరింది. "రేపట్నుంచి మా పిల్లని మీ బడికే పంపిస్తానండీ."

మాస్టారు తల దించుకున్నాడు. ఆయన గూడూ సగమే ఉంది.

"పంపించమ్మా. మా మనవరాలు మాత్రం చిలక దగ్గరే చదువుతోంది."