గేటు దగ్గర గుండు

యోగానందకు గుండు కనబడితే ఒళ్ళు మండుతుంది.

తిరుపతిలో పుట్టి, కొండ కిందే ఇల్లు కట్టుకున్న మనిషికి ఇదేం జబ్బని భార్య కోమలి చాలాసార్లు అడిగింది. ఆయన బాధ ఆయనది. పొద్దున లేస్తే గేటు ముందు ఒక గుండు. బస్టాండు ఎటని ఒకడు, బాత్రూం ఉందా అని ఒకడు, పర్సు పోయింది, ఊరికి చార్జీలివ్వమని ఇంకొకడు. గంధం పూసిన గుండ్లన్నీ ఆయన కంటికి ఒకటే.

ఆ రోజు చిరాకు మరీ ఎక్కువగా ఉంది.

ఇంటి పక్క షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ ఊడదీసి ఉంది. నాయన సుబ్రమణ్యం వయసులో ఉండగా మద్రాసు రేసుల్లో పరుగెత్తించిన బండి. ఇప్పుడు దాని ఇంజన్ పనికి రాకుండా పోయింది. నాయన కూడా పక్షవాతంతో ముందుగదిలో మంచం పట్టాడు. ఇక ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు అనేశాడు. పెద్దాయన అడుగుతున్నది ఒక్కటే, పోయేలోపు ఆ బండి చప్పుడు ఒకసారి వినాలని.

అలాంటి ఇంజన్ యాడా దొరక్క, చివరికి చెన్నైలో రఘునాథ్ అనే ఆయన దగ్గర ఉందని తెలిసింది. వాళ్ళ నాన్న, ఈ నాయన ఒకే బండిలో రేసులకు పోయినవాళ్ళట. పైసా వద్దు, నేనే తెచ్చి బిగించి పెద్దాయనకు వినిపిస్తాను, పాత ఇంజన్ దించి పెట్టండి అని ఆ మహానుభావుడు ఫోన్లో మాటిచ్చాడు. యోగానంద ఆయన్ని చూసింది ఫొటోలోనే. భుజాల దాకా జుట్టు, గుబురు గడ్డం.

తీరా చూస్తే పొద్దుటి నుంచి ఆయన ఫోను స్విచాఫ్.

మెకానిక్ పెంచలయ్య ఇంజన్ బోల్టులన్నీ విప్పి, పైన దూలానికి గొలుసు కప్పీ తగిలించాడు. ఇంజన్ పక్కకు కొట్టుకోకుండా తాను పట్టుకుంటే, గొలుసు లాగడానికి ఇంకో మనిషి కావాలన్నాడు. యోగానంద తన తెల్ల చొక్కా వంక చూసుకున్నాడు.

అప్పుడు కనబడింది, గేటు దగ్గర గుండు. గడ్డం, మీసం కూడా గీయించుకున్న మొహం, భుజాన సంచీ. కారునే తినేసేలా చూస్తున్నాడు.

"ఏందప్పా అట్ల సూస్తుండావు? ఇదేమన్నా ఎగ్జిబిషనా?"

"సార్, నేను చెన్నై నుంచి..." గోవిందా గోవిందా అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"పర్సు పోయింది, చార్జీలు కావాల. అంతే గదా?"

గుండు చూపు దూలానికి వేలాడే గొలుసు మీదికి పోయింది.

"ఊరకే ఇచ్చేది లేదు. ఈ గొలుసు లాగు, తర్వాత సూస్తాం."

ఆ మనిషి మారుమాట లేకుండా సంచీ కింద పెట్టి గొలుసు పట్టుకున్నాడు. పెంచలయ్య చెప్పినట్టే మెల్లగా లాగాడు. ఇంజన్ పైకి లేచింది. పెంచలయ్య కారును వెనక్కి తోశాక, ఇద్దరూ కలిసి దాన్ని పాత టైర్ల మీదికి దించారు. గుండు చేతులకంతా గ్రీజు.

కోమలి చెంబుతో నీళ్ళు తెస్తుంటే యోగానంద కళ్ళతోనే ఆపేశాడు. ఇవాళ ఒక గుండుకు నీళ్ళిస్తే రేపు కొండ దిగినవాళ్ళంతా ఇక్కడికే వస్తారని ఆయన లెక్క.

గుండు అది చూశాడు. అయినా అడిగాడు.

"పెద్దాయన్ని ఒక్కసారి చూడొచ్చా సార్?"

యోగానంద పగలబడి నవ్వాడు. "కొండ మీద అయిన దర్శనం సాల్లేదా నీకు? మా నాయనకు గూడా క్యూ కడతావా? పో పో."

ఆ మనిషి గ్రీజు చేతులు తుడుచుకున్నాడు. సంచీలోంచి ఒక లడ్డు తీసి, పెద్దాయనకు ఇవ్వండని గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"సూడు పెంచలయ్యా, తిరుపతోనికే లడ్డు ఇచ్చి పోతాడు!"

లోపలి నుంచి నాయన ముద్దముద్దగా అడిగాడు. "వచ్చినాడా?"

"లేదు నాయనా. ఎవుడో గుండోడు."

మధ్యాహ్నం ఫోను మోగింది. రఘునాథ్ పేరు చూడగానే యోగానంద గొంతులో ఎక్కడలేని తేనె ఊరింది.

"సార్, యాడుండారు సార్? ఇంజన్ దించి పెట్టినాము. మా నాయన కండ్లు వాకిలి మీదే ఉండాయి."

"చెన్నై దారిలో పుత్తూరు దాటాను సార్. వ్యాన్‌లో ఇంజన్ కూడా వెనక్కే పోతోంది."

అవతలి గొంతు బొంగురుగా ఉంది. యోగానందకు అదేమీ తట్టలేదు.

"మేమేం తప్పు సేసినాము సార్? మీరు మా ఇంట్లో అడుగన్నా పెట్టలేదే!"

"పెట్టాను సార్. మీ నాయన పేరు చెప్పి కొండ మీద తలనీలాలిచ్చి, నేరుగా మీ ఇంటికే వచ్చాను, గొలుసు లాగింది నేనే."