బొటనవేలికి దారం

"కాలు చాపు," అంది శివజ్యోతి.

చౌడేశ్వరి కాలు చాపింది. ఏడేళ్ళ పిల్ల. కింది బెర్తు మీద కూర్చుని, అమ్మ తన బొటనవేలికి దారం కడుతుంటే కిసుక్కున నవ్వుతోంది.

రైలు బ్యాంకాక్ దాటి అరగంటయింది. తెల్లారితే చియాంగ్ మై. ఊరుగాని ఊరు, దేశంగాని దేశం. బోగీలో తమకు తప్ప ఒక్కరికీ తెలుగు రాదు.

ఇదంతా మొగుడు వీరేంద్ర నిర్వాకం. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్. ఫోన్లో వీడియోలు చూసి చూసి, సూట్‌కేసులూ వద్దు, టూరు బస్సులూ వద్దు, తలా ఒక బ్యాగు వీపున తగిలించుకుని తిరిగొద్దాం అన్నాడు. దాన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారట. నాలుగేళ్ళ గోపీకి కూడా ఒక బుల్లి బ్యాగు తగిలించాడు. అందులో రెండు చడ్డీలు, ఒక బొమ్మ లారీ.

శివజ్యోతి సరేనంది గానీ ఒక్క షరతు పెట్టింది. రాత్రి ప్రయాణంలో కూతురు తన చేతికి కట్టి ఉండాలి.

కట్టక ఏం చేస్తుంది? పోయిన శ్రావణంలో ఉరుకుంద జాతరలో తప్పిపోయింది ఈ పిల్లే. గంటసేపు కనబడలేదు. ఆ గంటలో శివజ్యోతి ఎంతమంది దేవుళ్ళకు మొక్కిందో ఆమెకే తెలీదు. చివరికి మైకు పందిట్లో దొరికింది. ఎవరి చంటిపిల్లో తప్పిపోతే, ఆ పాపను ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తోంది.

"నేనేం తప్పిపోలేదుమా. ఈ పాపకు తోడుండా," అంది.

ఆ రోజు నుంచి శివజ్యోతికి సరైన నిద్ర లేదు. రాత్రి నాలుగుసార్లు ఉలిక్కిపడి లేస్తుంది. పక్కలో పిల్లను తడిమి చూసుకుంటుంది.

అందుకే ఎమ్మిగనూరులో పుట్టింటి మగ్గం దగ్గర నూలు తీసుకుని, నాలుగు పోగులు పేని దారం చేసింది. వేసింది నేతవాళ్ళ ముడి. చూడ్డానికి నువ్వుగింజంత ఉంటుంది, ఎంత లాగినా జారదు. వేయడం, విప్పడం రెండూ చౌడేశ్వరికి తాత ఎప్పుడో నేర్పాడు.

దారం రెండో కొస శివజ్యోతి తన మణికట్టుకు కట్టుకుంది.

"నేను పైనుంచి ఒకసారి లాగుతా, ఉండావా అని. నువ్వు రెండుసార్లు లాగల్ల, ఉండా అని. లాగకపోతివా, దిగొస్తే వీపు విమానం మోతే!"

"మా, నేను పైన పండుకుంటా. నిచ్చెన ఎక్కుతా."

"పడితే? నోరు మూసుకోని ఈడ్నే పండుకో."

వీరేంద్ర, గోపీ నడవకు అవతల కింది బెర్తులో సర్దుకున్నారు. "జ్యోతీ, ఆవును కట్టేసినట్టుండాది," అన్నాడు వీరేంద్ర.

"కట్టేసిన ఆవు యాడికీ పోదు గదా!"

వీరేంద్ర వాళ్ళకు పైనున్న బెర్తు ఒక థాయ్ ముసలావిడది. ఇంకా పైకి ఎక్కలేదు. ఒళ్ళో అరటిపళ్ళ సంచి పెట్టుకుని, మోకాళ్ళు రుద్దుకుంటూ, ఈ దారం తతంగం నోరు తెరిచి చూస్తోంది. ఏదో అడిగింది కూడా. చౌడేశ్వరి చేతులు తిప్పుతూ తెలుగులో చాలాసేపు జవాబు చెప్పింది. ముసలావిడ అంతా బోధపడినట్టు తలూపింది.

శివజ్యోతి పైకెక్కి తెర లాక్కుంది. కాసేపటికి దీపాలు తగ్గాయి.

దారం ఒకసారి లాగింది. ఏమీ లేదు. మళ్ళీ లాగబోయింది. అంతలో కింది నుంచి రెండుసార్లు. హమ్మయ్య.

పది గంటలకు మళ్ళీ లాగింది. రెండుసార్లు గట్టిగా జవాబొచ్చింది. మణికట్టు చుర్రుమంది. గడుగ్గాయికి కోపమొచ్చినట్టుంది అనుకుంది.

పదకొండుకు కింద గురక మొదలైంది. ఏసీ చలికి పిల్లకు ముక్కు దిబ్బడ వేసిందేమోనని, తడిమి చూద్దామని తెర సందులోంచి చెయ్యి కిందికి జారవిడిచి దారం కదిపింది. గురక ఆగింది. అరచేతిలో ఒలిచిన అరటిపండు ముక్క పడింది.

"ఇంగా తింటాండావా? పండుకో!" అని గొణిగింది. పండు మాత్రం తినేసింది. శానా తియ్యగా ఉంది.

అర్ధరాత్రి దాటాక ఒక వింత జరిగింది. తను లాగలేదు. కింది నుంచే దారం ఒకసారి కదిలింది, మెత్తగా.

ఉండావా?

శివజ్యోతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ పిల్ల ఉందో లేదోనని తనే వెతుక్కుంది. అమ్మ ఉందో లేదోనని పిల్ల అడగడం ఇదే మొదలు. రెండుసార్లు లాగింది.

ఉండా.

జాతర తర్వాత మొదటిసారి ఆమె కంటినిండా నిద్రపోయింది.

తెల్లవారి అటెండెంటు తట్టి లేపేదాకా మెలకువే రాలేదు. లేస్తూనే దారం లాగింది. రెండుసార్లు జవాబొచ్చింది. విజయగర్వంతో తెర తీసి తల బయటపెట్టింది. నడవలో వీరేంద్ర చంకలో గోపీతో నిలబడి ఉన్నాడు.

"చూసినావా? రాత్రంతా నా బిడ్డ నా చేతిలోనే ఉండాది. ఆవు గీవు అని ఎగతాళి చేస్తివే!"

వీరేంద్ర నవ్వు ఆపుకుంటూ తన పై బెర్తు వైపు చూశాడు.

ఆ పై బెర్తు నిచ్చెన మీంచి నిద్రకళ్ళతో దిగొచ్చిన చౌడేశ్వరి, ఎదురుగా ఉన్న కింది బెర్తు తెర పక్కకు జరిపి, బొటనవేలికి దారంతో కూర్చున్న ముసలావిడను అడిగింది: "మాయమ్మ లాగినప్పుడల్లా తిరిగి లాగినావు గదా అవ్వా?"