తనిఖీ బల్ల కబుర్లు

సోమవారం పొద్దున్నే తనిఖీ బల్ల దగ్గరికి ఒక కొత్త మనిషి వచ్చాడు.

చేతిలో నోటుబుక్కు, మణికట్టుకు పెద్ద గడియారం.

"వారం రోజులు ఈయన మీ పని చూస్తారు," అని చెప్పి, ఆ మనిషి ఎవరో ఏమిటో చెప్పకుండానే సూపర్‌వైజర్ చక్కా పోయాడు.

అది దుప్పట్ల మిల్లు. మగ్గం దిగిన ప్రతి దుప్పటీ ఈ బల్ల మీదికి రావాల్సిందే. పెద్దక్క, వదిన, చిట్టి ముగ్గురూ దాన్ని అరచేతులతో తడిమి, తెగిన పోగో, లోపలి ముడో ఉంటే పక్కకు తీసేస్తారు. పెద్దక్క అయితే ఇరవై రెండేళ్ళుగా తడుముతోంది.

ఈ పనికి ఒక కెమెరా వస్తోందని మిల్లంతా కోడై కూస్తోంది. కెమెరా వస్తే బల్ల ఉండదు. బల్ల లేకపోతే ముగ్గురూ ఇంటికే.

"ఇంకేముంది, మన లెక్క తేల్చడానికే వచ్చాడు," అంది వదిన గొంతు తగ్గించి.

"చిత్రగుప్తుడు!" అని అప్పటికప్పుడే పేరు పెట్టేసింది చిట్టి.

పెద్దక్క ఆయనకు మూలనున్న కుర్చీ చూపించింది. మిల్లులో మంచి కుర్చీలు లేక కాదు. దీనికి ఒక కాలు పొట్టి, అందుకే.

ఆయన అందులోనే కూర్చుని, ఊగుతూనే రాసుకోవడం మొదలుపెట్టాడు.

మంగళవారం పని మామూలుగానే సాగింది.

"మా అత్తగారి మోకాలు మళ్ళీ వాచిందే," అంది వదిన.

"కాపడం పెట్టావా?" అడిగింది పెద్దక్క.

"పెట్టాను. ఇదిగో, నిన్నటి నూలే మళ్ళీ వచ్చింది, ఎడమ అంచు చూసుకోండి. కాపడం పెడితే, అమ్మో, ఆవిడ అరుపులకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు!"

ముగ్గురూ పకపకా నవ్వారు. నవ్వుతుండగానే ఆరు చేతులూ ఎడమ అంచుకు వెళ్ళాయి.

చిత్రగుప్తుడి పెన్ను గబగబా కదిలింది.

"చూశారా? మనం నోరు విప్పినప్పుడల్లా రాస్తున్నాడు," గుసగుసలాడింది చిట్టి.

"ఇది మిల్లా, సంతా?" అని సూపర్‌వైజర్ రోజూ అరిచేది కూడా ఈ కబుర్ల గురించే.

"రేపట్నుంచి నోళ్ళు కుట్టేసుకోండి," అంది పెద్దక్క.

బుధవారం బల్ల దగ్గర ఎవరూ పెదవి విప్పలేదు. మాటలు గొంతుదాకా వచ్చి ఆగిపోయి, పాపం, చిట్టికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

గురువారం ఎన్నడూ జరగనిది జరిగింది. ప్యాకింగ్‌వాళ్ళు మూడు దుప్పట్లు వెనక్కి పంపారు. మూడింటికీ ఒకే చోట ముడి.

"ఏమ్మా, నిన్నట్నుంచీ మాట్లాడుకోవడం లేదేం?" అన్నాడు చిత్రగుప్తుడు. వచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"పనిలో ఉన్నాం సార్. కబుర్లకి తీరికెక్కడిది?" అంది పెద్దక్క.

ఆయన అదీ రాసుకున్నాడు. మూడు దుప్పట్ల సంగతీ రాసుకున్నాడు. పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం టీ పెట్టడం ఆమె వంతు. చిత్రగుప్తుడి గ్లాసులో పంచదారకు బదులు రెండు చెంచాల ఉప్పు వేసింది.

"అయ్యో, పెద్దక్కా!" అంది వదిన.

"మన పొట్ట కొట్టేవాడికి పంచదార ఒకటా?"

ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. పెద్దక్క వైపు చూశాడు. తర్వాత అడుగుదాకా తాగేసి, గ్లాసు తనే కడిగి తెచ్చిచ్చాడు.

"థ్యాంక్సమ్మా."

సంచిలోంచి ఒక నున్నటి కాగితం తీసి కాసేపు దాన్నే చూశాడు. నాలుగు మడతలు పెట్టి కుర్చీ పొట్టికాలి కింద దోపాడు. చేత్తో నొక్కి చూశాడు.

"ఇక ఊగదు," అని వెళ్ళిపోయాడు.

శనివారం రాలేదు.

సోమవారం సూపర్‌వైజర్ ఆముదం తాగిన మొహంతో వచ్చాడు.

"కెమెరా రావడం లేదు. యజమాని వద్దన్నారు. పోయిన వారం మీ దగ్గర కూర్చున్నాయన రాసిచ్చింది మీకు చదివి వినిపించమన్నారు."

గొంతు సవరించుకుని చదివాడు.

"లోపలి ముడి కంటికి కనబడదు, చేతికే తగులుతుంది. ఒకరి చేతికి తగిలింది మాటల్లో పడి ముగ్గురికీ చేరుతుంది. ఆ మాటలు ఆగిన రెండు రోజుల్లోనే మూడు దుప్పట్లు ముడితోనే బల్ల దాటిపోయాయి. ఈ బల్లను తీయకండి. వీళ్ళ కబుర్లు ఆపకండి."

కాగితం మడిచి నుదురు కొట్టుకున్నాడు. "కబుర్లాడుకోండి తల్లీ, కబుర్లాడుకోండి. నా ఖర్మ!"

చిట్టి వదినను పట్టుకుని గిర్రున తిప్పేసింది. పెద్దక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంత సంతోషమో, రెండు చెంచాల ఉప్పు గుర్తొచ్చి అంత సిగ్గు.

"ఆ సారు మళ్ళీ ఎప్పుడొస్తారు? మంచి టీ ఒకటి ఇచ్చుకోవాలి."

"ఇంకెందుకొస్తాడమ్మా? వచ్చిన పని చేతులారా చెడగొట్టుకుని పోయాడు," అన్నాడు సూపర్‌వైజర్.

ఆ మాట పెద్దక్కకు అర్థం కాలేదు. ఆయన కూర్చున్న కుర్చీని బాగుచేయిద్దామని ఎత్తింది. కాలి కింది కాగితం నేల మీదే ఉండిపోయింది. తీసి, మడతలు విప్పింది.

'దుప్పట్ల తనిఖీకి ఇక మనుషులతో పని లేదు' అన్న పెద్దక్షరాల కింద, కొత్త కెమెరా మీద చెయ్యేసి నవ్వుతూ నిలబడి ఉన్నాడు, దాన్ని తయారుచేసి అమ్ముకోవడానికి వచ్చిన చిత్రగుప్తుడు.