తవుడు తొట్టి

ఎనభై నాలుగేళ్లకి తోకియే గారి మోకాళ్లు అరిగాయి, చెవులు మందగించాయి, పళ్లలో సగం పెట్టుడువి. నాలుక మాత్రం చెక్కుచెదరలేదు. అరిగిపోయేవాటి జాబితాలో దాన్ని కూడా రాయడం దేవుడు మరిచిపోయాడని ఆమె కోడలు కయోకో ఫిర్యాదు.

నిజానికి ఆ ఇంట్లో వంట పెద్ద పనేం కాదు. తోకియే పూజారి ఇంట్లో పుట్టిన మనిషి. చేపా మాంసం గడప తొక్కవు. బార్లీ కలిపిన అన్నం, సముద్రపు నాచూ ఎండు పుట్టగొడుగులూ నానేసిన నీళ్లతో మీసో అనే పులిసిన సోయా ముద్ద చారు, చల్లని టోఫు మీద కాస్త అల్లం తురుము. పావుగంటలో అయిపోతుంది. కయోకోని కట్టిపడేసింది వంటింటి మూలనున్న తవుడు తొట్టి.

నలుగురు అత్తగార్ల చేతులు మారి వచ్చిన తొట్టి అది. ఉప్పు కలిపిన ఆ తడి తవుడులో కీరా, వంకాయ, ముల్లంగి పాతిపెడితే తెల్లారేసరికి పుల్లగా ఊరి ఉంటాయి. కాకపోతే దానికి ప్రాణం ఉంది. రోజూ చెయ్యి పెట్టి అడుగు నుంచి కలపాలి. లేకపోతే కుళ్లు కంపు కొడుతుంది. అందుకే ఇరవై ఆరేళ్లుగా కయోకో వరసగా రెండు రాత్రులు బయట పడుకున్నది లేదు.

మొగుడు షిగెరు ఒక్కసారి కలిపాడు. చేతి గడియారం అందులో పోగొట్టాడు. అది నాలుగు రోజులు ఊరింది. ఇప్పటికీ టైము సరిగ్గానే చూపిస్తుంది గానీ, ఆఫీసులో ఎవరూ అతని ఎడమ పక్కన కూర్చోరు.

ఇక అత్తగారి నాలుక. మొదట్లో ఆవిడ ఉప్పు ఎక్కువైందనో, పులుపు చాలలేదనో అని ఊరుకునేది. పదకొండేళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చి లేచాక ఆ నాలుక మరీ పదునెక్కింది. పొద్దున్నే కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుని, ఎదురుగా కూర్చున్న కోడలు పెట్టిన ముక్క కొరుకుతుంది.

"నిన్న కోపంగా కలిపావు. ముల్లంగిలో తెలుస్తోంది," అంటుంది.

నిజమే. ముందు రోజు షిగెరుతో పోట్లాట.

"నిద్ర పట్టలేదా? వంకాయ అలిసిపోయినట్టుంది."

అదీ నిజమే.

ఒకసారి కయోకోకి జలుబు చేసి వారం రోజులు మాస్కు కట్టుకుని వడ్డించింది. ఆ వారం మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. జాలిపడింది కాబోలనుకుని కయోకో ఆ ఏడు రోజులూ హాయిగా తిరిగింది.

వానలు మొదలైన వారం దూరాన ఒటారు అనే ఊళ్లో ఉండే అక్క మసుమి ఫోన్ చేసింది.

"కళ్లకి ఆపరేషన్. పది రోజులు చుక్కలు వెయ్యడానికి మనిషి కావాలి. నాకు నువ్వు కాక ఎవరున్నారే?"

"తొట్టి ఉంది కదక్కా. అందులోనూ వానాకాలం."

"ఫ్రిజ్‌లో పెట్టు. పది రోజులు నిద్రపోతుంది, అంతే."

కయోకో ఆ మాటే అత్తగారి ముందు పెట్టింది.

"వెళ్లు. నేనెవర్ని ఆపడానికి?" అంది తోకియే. "కానీ నిద్రలేచిన తవుడు సంగతి నాకు ఒక్క కొరుకుతో తెలిసిపోతుంది. ఈ ఇంట్లో నాకు మిగిలిన పని రుచి చూడడమొక్కటే."

అది వెళ్లమనడమో వద్దనడమో కయోకోకి అర్థం కాలేదు. రెండు రోజులు ఆలోచించి దొంగదారి పట్టింది. సూపర్ మార్కెట్‌లో ఊరిన కీరా పొట్లం కొంది. కడిగి, ఇంటి తవుడు కాస్త పులిమి, మళ్లీ కడిగి, రోజూ పెట్టే నీలం పళ్లెంలోనే సర్దింది. ఆవిడకి తేడా తెలియకపోతే గండం గడిచినట్టే. తొట్టి ఫ్రిజ్‌లో, బజారు ముక్కలు షిగెరు చేతిలో, తను ఒటారులో.

తోకియే కళ్లద్దాలు పెట్టుకుంది. ముక్క కొరికింది. నిదానంగా నమిలింది.

"ఇవాళ దీంట్లో భయం ఉంది," అంది. "ఏదో దొంగతనం చేసినదాని చెయ్యిలా."

కయోకో చారు గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి రాలేనని చెప్పింది.

"నా కళ్లకన్నా నీ తవుడే ఎక్కువన్నమాట," అంది మసుమి. "సరే, దాన్నే చూసుకో." ఫోన్ పెట్టేసింది.

కయోకో వంటింట్లోకి వెళ్లి తొట్టి మూత తీసింది. చెయ్యి మణికట్టు దాటి దిగింది. తవుడు చల్లగా, బరువుగా వేళ్లని పట్టుకుంది. చాలాసేపు ఆ చెయ్యి పైకి తియ్యలేదు.

మర్నాడు పళ్లెం అత్తగారి ముందు పెట్టి, ఆవిడ ముట్టుకోకముందే తల వంచుకుంది.

"ఇది మన తొట్టిదే అత్తయ్యా. నిన్నటిది కాదు. మీరు ఎలాగూ పట్టేశారు. నిన్న మీకు పెట్టింది బజారుది."

కయోకో తలెత్తింది. ముసలావిడ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"బజారుదా?" అంది తోకియే.

"మీకు తెలిసిపోయింది కదా."

తోకియే పళ్లెం వంక చూసింది. ఎర్రబడిన కోడలి కళ్ల వంక చూసింది. కళ్లద్దాలు తీసి చాపమీద పెట్టింది.

"మీ అక్కకి ఫోన్ చెయ్యి. వస్తున్నానని చెప్పు."

"మరి తొట్టి? మీ నాలుక..."

"తప్పు నాదే అమ్మాయ్," అంది తోకియే. "ఆ జ్వరంతోనే నా నాలుకకి రుచి పోయింది, పదకొండేళ్లుగా నేను చెబుతున్నదంతా నీ మొహం చూసే."