పదిహేడో సంతకం

"చొక్కా తర్వాత వేసుకుందువు గాని, ముందు ఇది చూడు ఎలాదియో," అంటూ మేనేజర్ రడ్లీ బల్ల మీద ఒక కాగితం పడేశాడు. "పొద్దున నా గది తలుపు కిందనుంచి ఎవరో తోసి పోయారు."

"ఏముంది సార్ అందులో?"

"నువ్వు ఇవాళ క్యాచర్‌గా దిగితే వాళ్లెవరూ మైదానంలో అడుగు పెట్టరట. జట్టులో నల్లవాడు వద్దట."

"నాది పోర్టోరికో సార్."

"నాకెందుకు చెప్తావయ్యా? జార్జియాలో రంగులు రెండే."

ఎలాదియోకి ఇంగ్లీషు ఉత్తరం చదివేంత రాదు గాని, పేర్లు పోల్చుకోగలడు. కింద పదహారు సంతకాలున్నాయి. ఆ బేస్‌బాల్ జట్టులో తనతో కలిపి పద్దెనిమిది మంది. వేలు పెట్టి ఒక్కో పేరూ వెతికాడు. నిన్న వీపు తట్టి మెచ్చుకున్నవాడున్నాడు. మొన్న తన బ్యాటు అడిగి పట్టుకెళ్లినవాడూ ఉన్నాడు. వెర్నన్ పేరు మాత్రం లేదు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. వెర్నన్ ఆ జట్టు పిచర్; అతను విసిరే బంతులు పట్టుకునే క్యాచర్ ఎలాదియో. ఎలాదియోని ఏ హోటలు వాళ్లూ గుమ్మం తొక్కనివ్వరు. అందరూ లోపల కూర్చుని తింటుంటే, బస్సులో ఒంటరిగా ఉన్న అతనికి చేప శాండ్‌విచ్ తెచ్చిపెట్టేది వెర్ననే. నోటుపుస్తకంలో ఇంగ్లీషు మాటలు రాసి నేర్పేదీ అతనే. ఎడమచేతివాటం కావడంతో, రాస్తున్నంతసేపూ అరచెయ్యి తడి సిరా మీద పాకి వరుసలన్నీ అలుక్కుపోయేవి.

"చెయ్యి కడుక్కోరా బాబూ, సిరా అంతా నా తిండికి అంటిస్తున్నావ్," అనేవాడు ఎలాదియో.

"సిరా తింటే చదువు తొందరగా వంటబడుతుందిరా," అనేవాడు వెర్నన్.

రడ్లీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇవాళ నీ పేరు రాస్తున్నా. గెలిపించావా, దీన్ని నీ చేతికే ఇస్తా, చింపి పారెయ్. ఓడామా, రేపు పొద్దున బస్సెక్కి వెళ్లిపో. ఇంతమందితో పోట్లాడే ఓపిక నాకు లేదు."

"వాళ్లు దిగకపోతే సార్?"

"దిగుతారు. దిగకపోతే ఇంటికెళ్లి ఏం తింటారు?"

దిగారు. ఎలాదియోతో ఒక్కడూ మాట్లాడలేదు. "చెరుకు కొట్టుకోక నీకెందుకురా ఈ ఆట!" అని జనం గోల. ఎలాదియో పళ్ల బిగువున అన్నీ భరించాడు. తను వేళ్లతో సైగ చేసి ఏ బంతి అడిగితే వెర్నన్ ఆ బంతే వేస్తున్నాడు. ఇంకేం కావాలి?

చివరి విడతకి రెండు జట్ల పరుగులూ సమానం. రెండో బంతికే ఎలాదియో ఒళ్లు విరిచి కొట్టాడు. బంతి కంచె దాటి అవతల వేరుశనగ చేలో పడింది. ఆట గెలిచారు.

మైదానం చుట్టూ పరిగెత్తి వస్తుంటే బెంచీ మీదనుంచి ఒక్కడూ లేవలేదు. ఇలా కంచె దాటించి హోమ్ రన్ కొట్టి వచ్చినవాడి చెయ్యి పట్టుకునేది తర్వాత బ్యాటు పట్టాల్సినవాడు. తర్వాతి వంతు వెర్నన్‌ది. అతను చెయ్యి పట్టుకోవడమేమిటి, జనమంతా చూస్తుండగా ఎలాదియోని అమాంతం ఎత్తేశాడు. ఎలాదియోకి ఏడుపాగలేదు. వేల మైళ్ల అవతల తోడబుట్టినవాడు దొరికాడనుకున్నాడు.

బట్టల గదిలో, సంతకం పెట్టినవాళ్లలోనే ఒకడు దగ్గరికొచ్చి నసిగాడు. "రేపు కూడా ఇలాగే కొడతావా?"

"మీరు దిగితే కొడతా."

వాడు తల గోక్కుని నవ్వాడు. ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. రడ్లీ అన్న మాట ప్రకారం కాగితం తీసి ఎలాదియో చేతిలో పెట్టాడు.

వెర్నన్ గబగబా వచ్చాడు. "ఇలా తేరా, నేను చింపేస్తా. ఆ పెంట నువ్వెందుకు ముట్టుకోవడం?"

"ఆగరా. నన్నేమని తిట్టారో చూసుకోనీ. నువ్వు నేర్పిన ఇంగ్లీషు ఇందుకైనా పనికి రావద్దూ!"

"వద్దన్నానా? ఇటు ఇచ్చెయ్."

ఎలాదియో నవ్వుతూనే మడత విప్పాడు. పొద్దున పేర్లు వెతికే ఆత్రంలో పైభాగం చూడనేలేదు. కింద పదహారు సంతకాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైన ఉత్తరం మాత్రం ఆ కొసనుంచి ఈ కొసదాకా, ప్రతి వరుసా అలుక్కుపోయి ఉంది.

అతని నవ్వు ఆగిపోయింది. కాగితం కోసం చాచిన వెర్నన్ ఎడమచెయ్యి ఇంకా అలాగే ఉంది.

"చెయ్యి కడుక్కోమని ఎన్నిసార్లు చెప్పాన్రా, వెర్నన్?"