గీత పడని బండి

"ఆ సైడు కవరు ఇటివ్వమ్మా," అంది కూతురు చెయ్యి చాచి.

"ఇవ్వను," అంది తల్లి. అని ఊరుకోకుండా ఆ ఇనప రేకును ఒళ్ళో పెట్టుకుని, పైన చేతి తువ్వాలు కూడా కప్పేసింది.

వెనక వసారా అంతా తండ్రిగారి మోటారు సైకిలు విడి భాగాలతో నిండిపోయింది. కూతురు సెలవు రోజుల్లో ఇంట్లోనే పౌడర్ కోటింగ్ చేస్తుంది. పాత రంగు వలిచేసి, ఇనుము మీద రంగుపొడి చల్లి, ఓవెన్‌లో పెడితే ఆ పొడి కరిగి గట్టిగా అంటుకుపోతుంది. ఎవరెవరి బళ్ళకో వేసి పెట్టాక, ఇన్నాళ్ళకి నాన్న బండికి మోక్షం వచ్చింది. హెడ్‌లైటు డొప్ప, చెయిన్ కవరు అప్పటికే తళతళలాడుతూ తీగకు వేలాడుతున్నాయి. మిగిలింది తల్లి ఒళ్ళో ఉన్న ముక్క ఒక్కటే.

"అన్నీ కొత్తగా మెరుస్తుంటే ఇదొక్కటే పాతగా ఉంటే ఏం బాగుంటుందమ్మా?"

"దిష్టి తగలకుండా ఉంటుంది."

కూతురు చటుక్కున తువ్వాలు లాగేసి, జేబులోంచి అయస్కాంతం తీసి రేకు మీద జరుపుకుంటూ పోయింది. ఏ ముక్కయినా ఓవెన్ ఎక్కేముందు ఆమె ఈ పరీక్ష చేసి తీరుతుంది. అయస్కాంతం రేకును పట్టుకుంటూ పట్టుకుంటూ వచ్చి, ముందు మూల దగ్గర జారి కిందపడింది.

"ఇక్కడ ఇనుము తగలడం లేదమ్మా. లప్పం ఉంది. ఎవరో సొట్ట పూడ్చి పైన రంగేశారు."

తల్లి కంగారుగా వీధి గుమ్మం వైపు చూసింది. ఆయన కొత్త బోల్టుల కోసం కొట్టుకు వెళ్ళాడు, ఏ క్షణంలోనైనా రావచ్చు.

"ఎవరో కాదు, నేనే," అంది గొంతు తగ్గించి. "నీ చిన్నప్పుడు ఆయన పనిమీద ఊరెళ్తే, నేర్చుకుందామని బండి తీశాను. గేటన్నా దాటలేదు, స్తంభానికి గుద్దేశాను. ఆయనొచ్చేలోగా పెయింటరు చేత లప్పం పెట్టించి, రంగేయించి, ఏమీ ఎరగనట్టు ఎక్కడిదక్కడ పెట్టేశాను."

కూతురు తెల్లబోయింది. "నువ్వు బండి తీశావా? నీకు సైకిలు తొక్కడమే రాదు కదా."

"అందుకే కదా గుద్దింది."

"అప్పుడే చెప్పేస్తే పోయేది. నాన్న నిన్నేమంటారు?"

"నన్నేమీ అనరు. అదే నా బాధ. 'కొన్నప్పటి నుంచీ నా బండికి ఒక్క గీత పడలేదు' అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారా లేదా? పెద్ద పదవులొచ్చినవాళ్ళూ, మేడలు కట్టినవాళ్ళూ ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆయన చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క ముక్కే. అది కూడా లేకుండా చెయ్యమంటావా?"

కూతురికి తల్లి మీద జాలీ, నవ్వూ కలిసి వచ్చాయి. "లప్పం ఉంచి కోటింగ్ వెయ్యడం కుదరదమ్మా. ఓవెన్ వేడికి బుడగలొచ్చి పెచ్చులుగా లేచిపోతుంది. మొత్తం గీకేసి, లోపల్నుంచి సుత్తితో సొట్ట తీసేస్తాను. నాన్నకి తెలియనివ్వను."

"ఎంతసేపు పడుతుంది?"

"నువ్వు అడ్డం రాకపోతే ఇట్టే అయిపోతుంది."

కూతురు రంగు వలిచే మందు పూసింది. నల్లరంగు ముడతలు పడి లేచింది. దాని కింద, ఇన్నేళ్ళూ దాక్కున్న లప్పం బయటపడింది. దాన్ని గీకడం సగమైందో లేదో, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినిపించింది.

తండ్రి బోల్టుల పొట్లం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కవరు వైపు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

ఆ ముఖం చూశాక తల్లికి ఇక దాచే ఓపిక లేకపోయింది. "ఏవండీ, అది లప్పం. మీరు ఊళ్ళో లేనప్పుడు నేనే గుద్దాను. గీత పడలేదని మీరు నలుగురికీ చెబుతుంటే, పక్కన కూర్చుని తలూపుతూ వచ్చాను. తప్పంతా నాదే," అని గబగబా చెప్పేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన కోప్పడలేదు. "నీకు దెబ్బేమైనా తగిలిందా అప్పుడు?" అని అడిగాడు.

"మోకాలు దోక్కుపోయింది."

"మెట్ల మీద జారానని చెప్పావు, అదేనా?"

"అదే."

ఆయన వంగి కవరు చూసి, తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, "ఇక గీకడం ఆపమ్మా. మీ అమ్మ గుర్తుగా ఆ లప్పం అలాగే ఉండనీ. పైన మామూలు రంగు వేసెయ్, చాలు," అన్నాడు.

తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి మనిషి దగ్గరా ఇన్నాళ్ళు దాచాను అనుకుని సిగ్గుపడింది. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

"సగం గీకాక వదిలేస్తే ఎలా నాన్నా," అంటూ కూతురు చెయ్యి విడిపించుకుని, గీకుడు రేకును బలంగా తోసింది. మిగతా లప్పం పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద ఇనుము కనబడలేదు, మళ్ళీ నల్లరంగే కనబడింది. ఆ రంగు కూడా గీకితే ఇంకో లప్పం తగిలింది, ఇంకా గట్టిగా, ఇంకా పాతగా.

"ఇదేంటమ్మా, రెండుసార్లు గుద్దావా?"

"లేదే, నేను ఒక్కసారే గుద్దాను," అంది తల్లి అయోమయంగా.

తండ్రి బోల్టుల పొట్లం కింద పెట్టి, భార్య పక్కన చతికిలబడి, "పైది నీది. కిందిది నాది," అన్నాడు.